శనివారం నిమ్మ బిళ్ళల కవరు

ఏప్రిల్ 14, మంగళవారం

ఈ పుస్తకం కౌంటరుది, సరుకు వాడేశాక ఖాళీ కవర్లు వెనక్కి ఇచ్చే చోటుది. ఎన్ని కవర్లు తిరిగి వచ్చాయో మిషనే రాసుకుంటుంది కాబట్టి చేత్తో రాసే పుస్తకం అక్కర్లేదని ఎనిమిదేళ్ళ కిందటే చెప్పారు. అయినా ఏటా ఒకటి పంపిస్తూనే ఉన్నారు. ఇందులో మనిషి రాయవలసిన గడి ఒక్కటే ఉంది, "ఇతర విషయాలు" అని. పద్నాలుగేళ్ళుగా ఈ కౌంటరులో కూర్చుంటున్నాను, ఆ గడి ఒక్కసారి కూడా నింపలేదు. ఇతర విషయాలు ఉండేవి కావు.

ఇప్పుడు ఒకటి ఉంది. పొద్దున మిషను తెరిస్తే ఇలా చూపించింది: ఎత్తు కాలనీ వార్డు, అరవై నాలుగు ఇళ్ళు, గడువు దాటినా తిరిగి రాని కవర్లు ఒకటి, పేరు కుంచె మంగతాయారు.

తాయారు నా భార్య. ఈ నెల మూడో తారీకు శుక్రవారం, పెరట్లో పాల కవర్లు కడిగి దండెం మీద ఆరేస్తూ ఆరేస్తూ కూర్చుండిపోయింది. నేను వెళ్ళేసరికి దండెం సగమే నిండి ఉంది. మిగతా కవర్లు నేను ఆరేశాను. తడిగా ఉంటే మిషను తీసుకోదు కదా అని కాబోలు. ఆవిడ పోయిందని అప్పటికే నాకు తెలుసు.

నిన్న పెద్దకార్యం. పాత ఊరితో పాటు పాత రేవు కూడా నీళ్ళ కిందే ఉంది కాబట్టి, కొత్త గట్టు మీదే పిండం పెట్టి అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. విస్తట్లో గారెలు, పరమాన్నం, పనసపొట్టు కూర, ఆవిడకి ఇష్టమని నేను అనుకున్నవన్నీ ఉన్నాయి. కాకి రాలేదు. గంట గడిచింది. ఎండ నలభై ఆరు. వార్డు పెద్ద వీరభద్రం గారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, "ఏదో కోరిక మిగిలిపోయుంటదండి. ఆవిడకేవంటే ప్రాణమో కాస్త ఆలోచించండి ఏడుకొండలు గారూ," అన్నారు.

ఆలోచించాను. ఏమీ తట్టలేదు. ఇరవై రెండేళ్ళ కాపురం.

చివరికి పక్కింటి భాగ్యరేఖ, చంకలో నెల దాటిన పాపతో ముందుకొచ్చి, "నిమ్మ బిళ్ళలండి బావగారూ. అక్క ప్రతి శనివారం కొనుక్కునేది కదా. సంచీలో చూడండి, ఉండే ఉంటది," అంది. ఎవరికైనా ఇచ్చేద్దామని తాయారు చేతి సంచీ గట్టు మీదకే తెచ్చాం. అడుగున నిజంగానే ఒక పొట్లం ఉంది. నాలుగు బిళ్ళల చిన్న పొట్లం. దాన్ని అలాగే విస్తట్లో పెట్టాం. చించి పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచదు కూడా. ఒకరి పేరు మీద కొన్న పొట్లాన్ని ఇంకొకరు చించకూడదని మా వార్డులో పాకే పిల్లకైనా తెలుసు.

రెండు నిమిషాల్లో కాకి వచ్చింది. గారెల వైపు చూడనైనా చూడలేదు. పొట్లం ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది," అని అందరూ దండం పెట్టారు. భాగ్యరేఖ ఏడ్చింది. పద్నాలుగేళ్ళుగా కవర్లు వెనక్కి తీసుకోవడమే పనిగా ఉన్నవాణ్ణి, కవరు కళ్ళ ముందే ఎగిరిపోతుంటే నేను కూడా చేతులు జోడించాను.

ఏప్రిల్ 15, బుధవారం

ఎండ నలభై ఏడు. వచ్చిన కవర్లు నూట ఎనభై. ఇమ్మానుయేలు పక్క కిటికీలో ఉంటాడు. నాకంటే పదేళ్ళు చిన్న, లావుపాటి మనిషి. పొద్దుటి నుంచి మూడుసార్లు టీ తెచ్చి పెట్టాడు.

కవరు సంగతి వార్డంతా తెలిసిపోయింది. ఎవరూ ఏమీ అనడం లేదు. తిట్టినా బాగుండేది.

నెలాఖరుకి వార్డులో అన్ని కవర్లూ తిరిగి వస్తే, వచ్చే నెలంతా వార్డంతా చేరే మా చలవ గది మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా నడుస్తుంది. ఒక్కటి తగ్గినా రెండు గంటలే. మొదట్లో ఇరవై దాకా తగ్గినా చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అన్ని వార్డులూ సరిగ్గా ఇరవై తగ్గించడం మొదలుపెట్టేసరికి సున్నా చేశారు. కిందటేడు మే నెలలో పక్క వార్డుకి రెండు గంటలే వచ్చింది. వాళ్ళ కవర్లు పదకొండు తగ్గాయి. ఆ నెలలో ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకరు ఉయ్యాల్లో పిల్లవాడు.

భాగ్యరేఖ పాప నెల తక్కువగా పుట్టింది. ఒళ్ళంతా చెమటకాయలు, సాయంత్రమైతే జ్వరం. మే నెల మధ్యాహ్నాలు చలవ గదిలో లేకపోతే కష్టమని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా పేరు పెట్టలేదు. బాలసారె నాడు తాయారు అక్క చేతే పేరు పెట్టిద్దామనుకున్నాం అని భాగ్యరేఖ మొన్న చెప్పింది.

మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. "తప్పు నాదేనండి బావగారూ. ఆ బిళ్ళల మాట నేనెత్తకపోతే పోయేది."

"కాకి రాకపోయేది," అన్నాను.

"రాకపోయినా బాగుండేదేమో," అని తలదించుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 17, శుక్రవారం

కవరు మీద చుక్క ఉంటుంది. చేతి మిషను ఇరవై గజాల లోపుకి వెళితే ఆ చుక్క పలుకుతుంది. నిన్న, ఇవాళ, కౌంటరు తెరవక ముందు రెండేసి గంటలు చేతి మిషను పట్టుకుని తిరిగాను. గట్టు వెంబడి, నీళ్ళ ట్యాంకు, బడి కప్పు, తుమ్మ చెట్లు. ఈ వార్డులో ఇన్ని కాకులున్నాయని ఇదివరకు గమనించలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. చెత్త లేని ఊళ్ళో ఇవన్నీ ఏం తిని బతుకుతున్నాయో తెలియదు. మనం పెట్టే పిండాలే కాబోలు.

ఇంటికొచ్చి ఎవరో గిన్నెలో పెట్టి వెళ్ళిన పులిహోర తిన్నాను. గిన్నె కడిగి ఎవరిదో తెలియక గుమ్మం పక్కన పెట్టాను.

ఏప్రిల్ 20, సోమవారం

దొరికింది. బడి వెనకాల పాత సెల్ టవరు ఉంది, ఇప్పుడు పనిచేయడం లేదు. దాని కిందకి వెళ్ళగానే మిషను పలికింది, పేరు చూపించింది. కుంచె మంగతాయారు, నిమ్మ బిళ్ళలు, నాలుగు. ఆ పేరు చూసి కాసేపు అక్కడే కూర్చున్నాను.

పైన, నిచ్చెన మెట్లకీ ఇనుప కమ్మీకీ మధ్య గూడు ఉంది. తీగలు, పుల్లలు, చీపురు పుల్లలు. ఇమ్మానుయేలు పొడుగు కర్రకి కెమెరా కట్టి పైకెత్తితే లోపల కనిపించింది. మూడు పిల్లలు, ఇంకా ఈకలు రాలేదు. వాటి కింద పసుపురంగు కవరు పరుపులా ఉంది. చుట్టూ తీగలు అల్లేసుకున్నాయి. అది లాగితే గూడంతా ఊడి వస్తుంది.

"మా వాళ్ళలో ఈ కాకి పట్టింపు లేదు కదండీ అన్నయ్యగారూ," అన్నాడు ఇమ్మానుయేలు. "మీరు ఊఁ అనండి, ఎక్కి తెచ్చేత్తాను. ఐదు నిమిషాలు పని."

అతని లావు చూస్తే ఐదు నిమిషాలు సరిపోయేలా లేవు గానీ, మనసులో మాటే చెప్పాడు. నేను ఊఁ అనలేదు. ఉహూఁ అని కూడా అనలేదు.

సాయంత్రానికి టవరు కింద జనం చేరారు. వీరభద్రం గారు పైకి చూసి, కిందకి చూసి, "కాకి ముట్టినదాన్ని మళ్ళీ తెచ్చి మిషన్లో ఎయ్యడమేంటండి. ఎక్కడా వినలేదు," అన్నారు. ఆయన భార్యకి ఆయాసం. మే నెల చలవ గది ఆవిడకీ కావాలి. అయినా ఆ మాట అన్నారు. ఇంకెవరో పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఆగితే సరి అన్నారు. రెక్కలు రావడానికి ఇంకో ఇరవై రోజులు. నెలాఖరు పది రోజుల్లో ఉంది.

భాగ్యరేఖ మాత్రం గట్టిగా చెప్పింది. "నా పిల్ల కోసమైతే వద్దు. అక్క నోటికాడది లాక్కోకండి."

కాకి రూపంలో పెద్దలు వస్తారన్న నమ్మకం నాకు లేదు. లేదనే అనుకుంటున్నాను. కానీ ఆ మాట విన్నాక టవరు వైపు చూడలేకపోయాను.

ఏప్రిల్ 21, మంగళవారం

ఇమ్మానుయేలు ఇంకో దారి చెప్పాడు. చెప్పే ముందు కిటికీ తలుపు మూశాడు.

చనిపోయినవాళ్ళ పేరు కవర్ల పథకం నుంచి తీసేయమని ఇంటివాళ్ళు అడగవచ్చు. తీసేస్తే ఆ పేరు మీద తిరిగి రానివన్నీ రద్దవుతాయి. వార్డు సున్నాకి వస్తుంది. అయితే పేరుతో పాటు పట్టీ అంతా పోతుంది. తిరిగి తెచ్చే వీలు లేదు.

పట్టీ అంటే, మనిషి కొన్న ప్రతి పొట్లం, కొన్న రోజు, గంట, తిరిగి ఇచ్చిన గంట. అందరికీ ఉంటుంది. ఎవరూ చూసుకోరు. ఆవిడ పోయినప్పటి నుంచీ నేను తాయారుది చూస్తున్నాను. మధ్యాహ్నం జనం ఉండరు, అప్పుడు తెరుస్తాను. ఆవిడ ఫోటోలు పెద్దగా దిగలేదు. ఉత్తరాలు రాసే కాలం కాదు. మా ఇద్దరికీ మాటలు తక్కువ. ఆవిడ రోజులన్నీ ఒక్కచోట ఉన్నది ఈ పట్టీలోనే. ఆవాలు. జీలకర్ర. తలనొప్పి మాత్రలు, ఆ పై నెల మళ్ళీ తలనొప్పి మాత్రలు. నాకు తలనొప్పి రాదు. ఆవిడకి అంతగా వచ్చేదని చెప్పలేదు.

"ఆలోచించుకోండి," అన్నాడు ఇమ్మానుయేలు. "గూడో, పట్టీయో. ఏదో ఒకటి మీరే చెప్పాలి. ఇంకెవరూ చెప్పలేరు."

ఏప్రిల్ 23, గురువారం

చేత్తో రాసుకుంటున్నాను, ఈ పుస్తకంలోనే, వెనక పేజీల నుంచి. పట్టీని కాగితం మీదకి ఎక్కించే మిషను జిల్లా ఆఫీసులో కూడా లేదు. అద్దం మీద చూపిస్తుంది, ఫోటో తీస్తే నల్లగా వస్తుంది. ఇతరులు చూడకూడదని అలా చేశారట. మంచిదే.

మొత్తం పదకొండు వేల పైచిలుకు వరుసలు. రెండు రోజుల్లో ఎనిమిది వందలు రాశాను. ఇలా రాస్తూ పోతే నెలాఖరుకి మూడో వంతు కూడా కాదు. వేలు వాచింది.

రాస్తుంటే ఒకటి కనిపించింది. చదివినప్పుడు కనిపించలేదు, రాస్తేనే చెయ్యి గుర్తుపట్టింది. నిమ్మ బిళ్ళలు, శనివారం, కొన్నది 4:41, తిరిగి ఇచ్చింది 4:57. మళ్ళీ శనివారం, కొన్నది 4:43, ఇచ్చింది 4:58. మళ్ళీ. మళ్ళీ. మొదటిది పద్నాలుగేళ్ళ కిందట, నన్ను ఈ కౌంటరుకి వేసిన రెండో శనివారం. మధ్యలో జ్వరాలొచ్చిన వారాలు, పుట్టింటికెళ్ళిన వారాలు తప్ప అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టాను. ఆరువందల ఎనభై రెండు.

అవన్నీ నా చేతిలోకే వచ్చాయి. మిగతా రోజులు ఎనిమిదింటికి గానీ ఇల్లు చేరను. శనివారం మాత్రం ఐదింటికి కౌంటరు మూస్తాను. లైనులో అందరికంటే వెనక నిలబడి, ఒక్క కవరు నా ముందు పెట్టేది. నేను మిషన్లో వేసి, తాళం వేసి, ఇద్దరం ఇంటికి నడిచేవాళ్ళం. పావుగంట దారి. ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఒకసారి విసుక్కున్నాను. "ఒక్క కవరు కోసం లైనులో నిలబడటమేంటి? ఇంట్లో పెడితే నేనే పట్టుకొస్తాను కదా."

"లైను ఖాళీగానే ఉంది కదా," అంది.

ఏప్రిల్ 25, శనివారం

ఎండ నలభై ఎనిమిది. నాలుగు యాభై ఏడుకి గేటు వైపు చూశాను. ఎవరూ లేరు. గేటు పక్కన బోర్డు ఉంది. "కవర్లు లేనివారికి లోపలికి ప్రవేశం లేదు." ఎర్ర రంగుతో నేనే రాశాను, ఇక్కడికొచ్చిన మొదటి వారంలో. నీడ కోసం జనం ఊరికే వచ్చి బల్ల మీద కూర్చుంటున్నారని పై నుంచి మాట వచ్చింది. బోర్డు రాసిన రోజు ఇంటికెళ్ళి అక్షరాలు గుండ్రంగా కుదిరాయని తాయారుకి చెప్పుకున్నాను. ఆ తరవాతి శనివారం నుంచే నిమ్మ బిళ్ళలు.

ఐదింటికి తాళం వేశాను. ఒక్కణ్ణే నడిచాను.

ఏప్రిల్ 27, సోమవారం

ఆవిడ చీరలు భాగ్యరేఖకి ఇద్దామని అటక ఎక్కాను. చీరల వెనకాల రెండు బియ్యం డబ్బాలున్నాయి, మూతకి గుడ్డ కట్టి. బరువుగా ఉంటే బియ్యమే అనుకున్నాను. విప్పితే నిమ్మ బిళ్ళలు. అంచుల దాకా. ఎండలకి కరిగి, గట్టిపడి, అడుగున ఒకే ముద్దయిపోయాయి.

ఒక్కటీ తినలేదు. ఆవిడకి పులుపు పడదని అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో మా అమ్మ చింతకాయ పచ్చడి వేస్తే కళ్ళు మూసుకుని మింగింది.

బిళ్ళలు కావలసి కొన్నది కాదు. కవరు కావలసి కొన్నది. కవరు లేకపోతే గేటు లోపలికి రానివ్వరు కదా.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, రాసి తీరాలి. నెలకి అరవై పొట్లాలు మించకుండా కొన్న ఇంటికి తగ్గింపు బహుమతి ఇస్తారు. రోజూ ఒక గంట, ఇంట్లోనే, గోడలో ఉన్న చలవ గొట్టం నుంచి గాలి. మాకు ఎప్పుడూ అరవై రెండో అరవై మూడో వచ్చేవి. మా గొట్టంలో సాలీడు గూళ్ళు తప్ప ఏమీ లేదు. "ఆ దిక్కుమాలిన బిళ్ళలు మానేస్తే మనకీ ఒక గంట వచ్చేది," అని నెలనెలా సణిగాను. కౌంటరు మనిషి ఇంటికే బహుమతి రాకపోవడం నాకు నామోషీ. ఆవిడ ఏమీ అనేది కాదు. మానలేదు కూడా.

ఇంత తెలిసినా ఏడుపు రాలేదు. డబ్బా మూత పెట్టి గుడ్డ కట్టి, వంట చేసుకున్నాను.

ఏప్రిల్ 28, మంగళవారం

పాపకి జ్వరం నూట మూడు. భాగ్యరేఖ చలవ గదిలో కూర్చుని ఒళ్ళో తడిగుడ్డతో తుడుస్తూ కనిపించింది. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నాను.

"మే నెలకి అమ్మ వాళ్ళ ఊరు ఎల్లిపోదామనుకుంటున్నానండి," అంది.

"అక్కడ చలవ గది ఉందా?"

"లేదండి." పాప నుదుటి మీద గుడ్డ తిప్పేసి, "చెట్లున్నాయి," అంది.

బయటికి వస్తే ఇమ్మానుయేలు టవరు కింద నిలబడి ఉన్నాడు, భుజాన తాడు. ఎవరూ పిలవలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. "మీరు ఇంటికెళ్ళిపోండి అన్నయ్యగారూ. నేనే చేశానంటాను. పాపం ఏదైనా ఉంటే నాకే రానియ్యండి."

పైన తల్లికాకి మా ఇద్దరినీ చూసి ఆగకుండా అరుస్తోంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆ ఎండలో ఆ పసుపు కవరు లేకపోతే ఇనుప కమ్మీ మీద కాలిపోతాయి.

అప్పుడు అతనికి చెప్పాను. ఎవరితోనూ అనని మాట. ఆ పొట్లం కొన్నది మార్చి 28, శనివారం, 4:42. తిరిగి ఇచ్చిన గంట దగ్గర గీత ఉంది. ఆ రోజు జిల్లా ఆఫీసులో మీటింగ్ అని మూడింటికే కౌంటరు మూసి వెళ్ళిపోయాను. ఆవిడకి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. కొట్టు నుంచి అంత ఎండలో నడిచొచ్చి, మూసిన గేటు చూసి, పొట్లం సంచీలో వేసుకుని ఒక్కతే ఇంటికెళ్ళి ఉంటుంది. వచ్చాక నాతో ఆ మాటే అనలేదు. ఆరు రోజులకి పోయింది.

"ఆవిడ తెచ్చిన రోజు తీసుకోవడానికి నేను లేను ఇమ్మానూ. ఇవాళ పిల్లల కింద నుంచి లాక్కోవడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

అతను తాడు చుట్టుకున్నాడు. చెప్పులు వేసుకోవడం మర్చిపోయి కాలిన నేల మీద నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

ఏప్రిల్ 30, గురువారం

మధ్యాహ్నం దాకా రాశాను. రెండువేల తొమ్మిది వందల పదహారో వరుస దగ్గర ఆపాను. ఆవాలు, వంద గ్రాములు, బుధవారం. శనివారాలు మాత్రం అన్నీ రాశాను, వేరే పేజీలో, గంటలతో సహా.

మిషను మూడుసార్లు అడిగింది. పేరు తీసేయమంటారా. తిరిగి తెచ్చే వీలు లేదు, సమ్మతమేనా. వేలు పెట్టండి. పెట్టాను. మొదటిసారి వేలు వాచి ఉందని తీసుకోలేదు. ఇంకో చేతి వేలు పెట్టాను.

కుంచె మంగతాయారు అని కొట్టి చూశాను. అలాంటి వారెవరూ లేరు అంది.

ఎత్తు కాలనీ వార్డు, అరవై మూడున్నర ఇళ్ళు అని చూపిస్తుందేమో అనుకున్నాను. అరవై నాలుగే చూపించింది. తిరిగి రానివి సున్నా.

మే 2, శనివారం

గేటు దగ్గర బోర్డు పీకేశాను. ఎవరూ గమనించలేదు. సాయంత్రం నలుగురు ముసలాళ్ళు ఊరికే వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఉండనిచ్చాను.

మే 11, సోమవారం

ఎండ యాభై. చలవ గదిలో పాప నిద్రపోతోంది. చెమటకాయలు తగ్గాయి. నేను ఏం చేశానో ఇమ్మానుయేలు అందరికీ చెప్పేసినట్టున్నాడు. వీరభద్రం గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద.

భాగ్యరేఖ పాపకి తాయారు అని పేరు పెడతానంది. "వద్దమ్మా, పేరు పెట్టినంత మాత్రాన..." అన్నాను. ఆవిడ పేరు మళ్ళీ మిషన్లో ఉంటుందన్న సంగతి తరవాత తట్టింది. పాల పొడి, చెవుల మందు, ఇంకేవో.

సంతోషించాలి. సంతోషించాల్సిన విషయమని తెలుస్తోంది.

జూన్ 13, శనివారం

రాత్రి గాలివాన. ఈ ఏడాదికి మొదటిది. పొద్దున టవరు కిందకి వెళ్ళాను. పిల్లలు ఎగిరిపోయి నెలైంది, గూడు ఖాళీ. వానకి సగం కిందపడింది. బురదలో పుల్లలు, తీగలు, వాటి మధ్య పసుపు కవరు. ఒక పక్క చిరిగి ఉంది, లోపల బిళ్ళల్లేవు.

ఇంటికి తెచ్చి కడిగాను. దండెం మీద ఆరేశాను. ఒక్కటే కవరు.

ఇవాళ సెలవు పెట్టాను, కౌంటరులో ఇమ్మానుయేలు ఒక్కడే ఉన్నాడు. నాలుగున్నరకి బయల్దేరి నడిచి వెళ్ళాను. ఆవిడ ఎప్పుడూ ఈ దారిన వచ్చేది. ఎండ తగలకుండా ఎడమ పక్కన నడవాలని నడిస్తే తెలిసింది. గేటు దాటి లైనులో నిలబడ్డాను. నా ముందు ఎవరూ లేరు. గడియారం నాలుగు యాభై ఏడు చూపిస్తోంది.

ఇమ్మానుయేలు కిటికీలోంచి చూశాడు. "అదేంటండీ అన్నయ్యగారూ, మీరు లైనులో నిలబడటమేంటి. లోపలికొచ్చి ఎయ్యండి."

"లైను ఖాళీగానే ఉంది కదా," అన్నాను.

చెయ్యి చాపాడు. కవరు ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని మిషన్లో వేశాడు. మిషను కాసేపు వెతుక్కుంది. ఈ కవరు ఎవరి పేరు మీదా లేదు అంది. ఎవరిదీ కాని కవరు తెచ్చి ఇచ్చినవారికి ఒక గంట చలవ, వారి ఇంటికి, ఈ రోజుకి మాత్రమే అంది.

ఇమ్మానుయేలు కౌంటరు మూసి తాళం వేశాడు. నేను ఇంటికి నడిచాను.

ఆరింటికి గోడలో గొట్టం గరగరమంది. దుమ్ము వచ్చింది, సాలీడు గూళ్ళు వచ్చాయి, ఆ తరవాత చల్లటి గాలి వచ్చింది. పద్నాలుగేళ్ళు నేను సణిగిన గంట. డబ్బా దింపి, ముద్ద అంచు నుంచి ఒక బిళ్ళ ఊడదీసి నోట్లో వేసుకున్నాను. పుల్లగా ఉంది. గొట్టానికి ఎదురుగా రెండు కుర్చీలు వేసి ఒకదానిలో కూర్చుని ఏడ్చాను. ఆవిడ పోయాక ఇదే మొదటిసారి.

ఏడింటికి గాలి ఆగిపోయింది. నేను ఇంకాసేపు అక్కడే కూర్చున్నాను.